గ్రహాంతరవాసికి ఇల్లుంది

శుక్రవారం మధ్యాహ్నం కువైట్‌లోని మా అర్దియా వీధుల్లో మనిషి కనిపించడు. నమాజులు అయిపోయి, భోజనాలు ముగిసి, పేటంతా ఏసీల కింద కునుకు తీసే వేళ అది. మేం అద్దెకుంటున్న రెండు గదులకు ఆ సమయంలో అప్పుడప్పుడు ఒకామె వస్తుంది. రాయచోటి దగ్గరి పల్లె ఆమెది. రెండు వీధుల అవతల ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తుంది. ఇంటి పనివాళ్ళకు వారానికొక రోజు సెలవివ్వాలని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది. ఆమెకు దొరికేది నాలుగు గంటలు. ఆ కాసేపట్లోనే మా ఆవిడతో ఊరి సంగతులు చెప్పుకుని, సంగటి ముద్ద తిని వెళ్తుంది.

మొన్న ఆమె వచ్చేసరికి టీవీలో 'స్టార్‌గేట్ ఎస్‌జీ-1' నడుస్తోంది. 1997లో మొదలై పదేళ్ళు సాగిన అమెరికన్ ధారావాహిక. తెరమీద ఒకడి కళ్ళు ఉన్నట్టుండి దీపాల్లా వెలిగాయి. గొంతు మారిపోయి నూతిలోంచి వచ్చినట్టు పలికింది. ఆమె ముద్ద చేతిలో ఉంచుకునే "ఈయప్పకు గ్రహం పట్టిండాది చూడన్నా" అంది.

ఆ కథ ఆమెకు తెలియదు. ఇంగ్లీషు రాదు. అయినా ఆ కథ రాసినవాళ్ళు ఉద్దేశించింది అక్షరాలా అదే. గోఆవుల్డ్ అనే పాములాంటి జాతి మనుషుల మెడలో దూరి, వాళ్ళ ఒంటిని తన ఒళ్ళుగా చేసుకుని, రా అనీ అపోఫిస్ అనీ ఈజిప్టు పురాణాల పేర్లు తగిలించుకుని పూజలందుకుంటూ ఉంటుంది. మన పాత కథల్లో దీన్ని పరకాయ ప్రవేశం అన్నారు. ఆమె ఊళ్ళో గ్రహం పట్టడం అంటారు.

అదే క్షణంలో తెర అడుగున అరబ్బీలో ఒక మాట కదిలిపోయింది: కాయిన్ ఫదాయీ. ఆ జీవికి అరబ్బీవాళ్ళు పెట్టిన పేరది. ఆమె నోటి 'గ్రహం', తెర మీది 'ఫదాయీ', ఇంగ్లీషు 'ఏలియన్' మూడూ ఒకేసారి నా ముందుకొచ్చాయి. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మాటల పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఫదా అంటే విశాలమైన ఖాళీ జాగా. ఎడారి బయలుకైనా సరిపోతుంది, అంతరిక్షానికైనా సరిపోతుంది. ఫదాయీ అంటే ఆ బయలుకు చెందినవాడు. కువైట్‌లో ఏడాది గడిపిన ప్రతి తెలుగువాడికీ దీని చుట్టం తెలుసు. గ్యాస్ బండ అయిపోతే 'ఫాదీ'. పనిలేక కూర్చుంటే 'ఫాదీ'. ఉర్దూలోకి వచ్చేసరికి ఇదే మాట ఫిజా అయింది. అరబ్బీలో నాలుకను బరువుగా నొక్కి పలికే ఆ 'ద' అక్షరం పారశీకం మీదుగా మన వైపు వచ్చినప్పుడు 'జ' అవుతుంది. ఇక్కడి రమదాన్ మన రంజాన్ అయింది ఆ దారిలోనే.

ఇంకో విచిత్రం ఉంది. అరబ్బీలో ఉపగ్రహ టీవీ చానెల్‌ను ఫదాయియ్యా అంటారు. అంటే తెరలోని గ్రహాంతరవాసికి, అతన్ని మన ఇంటికి మోసుకొచ్చిన చానెల్‌కు ఒకటే పేరు. ఇద్దరూ ఆ బయలులోంచి వచ్చినవాళ్ళే కదా.

అక్కడితో ఆగలేదు. ఎగిరే పళ్ళేన్ని అరబ్బీలో తబక్ తాయిర్ అంటారు. మేడ మీద సిగ్నల్ పట్టే డిష్‌ను కూడా తబక్ అంటారు. తెలంగాణ పెళ్ళిళ్ళలో పసుపుకుంకాలు, చీరెసారెలు మోసే పెద్ద పళ్ళేన్ని తబుకు అంటారు చూడండి, అదీ ఈ తబకే. తాయిర్ అంటే ఎగిరేది. ఇదే ధాతువులోని తయ్యార్ అనే మాట పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి మనకు 'తయారు' అయిందని నిఘంటుకారులు చెబుతారు. రెక్కలొచ్చి ఎగరడానికి సిద్ధంగా ఉన్న డేగను వేటగాళ్ళు అలా అనేవారట. ఇంట్లో అన్నం తయారు అన్నప్పుడు ఆ మాట అడుగున ఒక డేగ రెక్కలు విప్పుతోందని తెలిశాక నాకు ఆ మాట మీద ప్రేమ పెరిగింది.

ఎగిరే పళ్ళెం అన్న పేరే ఒక పొరపాటులోంచి పుట్టింది. 1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ పైలట్ ఆకాశంలో తొమ్మిది మెరిసే వస్తువులు చూశాననీ, నీటి మీద సాసరు విసిరితే ఎలా ఎగిరెగిరి పోతుందో అలా పోయాయనీ చెప్పాడు. ఆయన చెప్పింది నడక గురించి. పత్రికలు దాన్ని ఆకారం చేశాయి. అక్కణ్ణుంచి ప్రపంచమంతా పళ్ళేలే చూసింది. ఒక ఉపమానం తప్పుగా అర్థమై ఆకాశం నిండా వాహనాలను పుట్టించింది.

కువైట్ కూడా చూసింది. 1978 నవంబరు, డిసెంబరు నెలల్లో ఉత్తరాది చమురు క్షేత్రాల దగ్గర వింత వస్తువు కనిపించిందని కలకలం రేగింది. అది కనిపించినప్పుడు చమురు తోడే యంత్రాలు వాటంతటవే ఆగిపోయాయనీ, మనిషి చేత్తో తిప్పితే తప్ప కదలనివి అది మాయం కాగానే వాటంతటవే మొదలయ్యాయనీ చెప్పుకున్నారు. ప్రభుత్వం కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ నిపుణులతో సంఘం వేసింది. అది గూఢచారి పరికరమన్న వాదాన్ని ఆ సంఘం తోసిపుచ్చింది, వేరే లోకం నుంచి వచ్చిందా అన్న ప్రశ్నను మాత్రం తేల్చలేదు. 1979 జనవరిలో ఇక్కడి అమెరికా రాయబార కార్యాలయం ఈ సంగతంతా వాషింగ్టన్‌కు తంతి ద్వారా పంపింది. బలవంతులైన గ్రహాంతరవాసుల కథలన్నిటిలోనూ ఉండే మొదటి దృశ్యం ఇదే: వాళ్ళు ఏమీ చేయరు, పక్కనుంచి పోతారు, మన యంత్రాలు ఆగిపోతాయి.

ఇక మా పేట పేరు. అర్దియా అనగానే కొత్తగా వచ్చినవాళ్ళు అర్ద్, అంటే భూమి, అనుకుంటారు. తొలి ఏడాది నేనూ అలాగే అనుకుని, భూమి అనే పేరున్న పేటలో కూర్చుని అంతరిక్షం కథలు చూస్తున్నానని మురిసిపోయాను. దుకాణం బోర్డుల మీద అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చాక తెలిసింది, అది వేరే మాట. భూమికి మొదట ఉండేది అలిఫ్. మా పేట పేరులో ఉన్నది గొంతు లోపలి నుంచి లాగి పలికే ఐన్. మన చెవికి ఆ రెండూ ఒకటే, అరబ్బులకు మాత్రం భూమ్యాకాశాలంత దూరం.

ఐన్‌తో మొదలయ్యే ఆ ధాతువుకు పరచడం, అడ్డంగా రావడం, ఎదుట పెట్టి చూపడం అనే అర్థాలున్నాయి. వస్తుప్రదర్శన మఅరిద్ అయింది. ఆకాశానికి అడ్డంగా వచ్చే వానమబ్బు ఆరిద్. పెద్దల ఎదుట మనవి పెట్టడం అర్ద్. ఇందాక చెప్పిన 'ద' నుంచి 'జ'కు పోయే దారిలో నడిపించండి: అర్ద్, అర్జ్, అర్జీ. మన తాసిల్దారు కచేరీ మెట్ల మీద కాగితం పట్టుకుని నిలబడే అర్జీదారుకు, ఈ ఎడారి పేటకు ధాతువు ఒకటే.

నేను లెక్కలు రాసేది అర్దియా హరఫియ్యాలో, మెకానిక్ షెడ్ల మధ్య ఒక విడిభాగాల దుకాణంలో. హిర్ఫా అంటే చేతివృత్తి. హర్ఫ్ అంటే అక్షరం. రెండూ అవే మూడు హల్లుల మీద నిలిచాయి. గ్రీజు చేతులవాళ్ళ మధ్య కూర్చుని అక్షరాల గురించి ఆలోచించడానికి ఇంతకంటే తగిన పేట దొరకదు.

ఇప్పుడు ఏలియన్ దగ్గరికి. లాటిన్‌లో అలియస్ అంటే మరొకడు, అలియేనుస్ అంటే మరొకరికి చెందినది. నేరవార్తల్లో మనం చదివే అలిబీ కూడా ఈ కుటుంబమే, 'మరో చోట' అని అర్థం. ఇంగ్లీషులో ఏలియన్ అనే మాట శతాబ్దాల పాటు చట్టపుస్తకాల్లోనే బతికింది. ఇంకో రాజు ప్రజ, మన నేల మీద హక్కుల్లేనివాడు అని దాని భావం. అంతరిక్షం నుంచి వచ్చినవాడన్న అర్థం ఇరవయ్యో శతాబ్దపు కథల్లో స్థిరపడింది.

కువైట్‌లో విదేశీయుల నివాసానికి మొదట పునాది వేసింది 1959 నాటి 17వ నంబరు చట్టం. దాని ఇంగ్లీషు ప్రతుల్లో ఏలియన్స్ అని కనిపిస్తుంది. అరబ్బీ మూలంలో ఉన్న మాట అజానిబ్, అజ్నబీకి బహువచనం. హిందీ పాటల పుణ్యమా అని మనకు అజ్‌నబీ బాగా తెలుసు. జన్బ్ అంటే పక్క. అజ్నబీ అంటే పక్కన ఉన్నవాడు, నడుమకు రానివాడు. జనాబ్ కూడా ఇదే ధాతువు. ఎవరి పక్కన, ఎవరి వాకిట మనం నిలబడతామో ఆ పెద్దమనిషి జనాబ్ అయ్యాడు. ఒకే వేరుకు ఇటు అయ్యగారు, అటు పరాయివాడు కాశారు. రాయచోటి ఆమె వంట చేసే ఇంట్లో రోజూ ఈ రెండు మాటలూ ఒకే కప్పు కింద తిరుగుతాయి.

ఆమె ఇక్కడ ఉండటానికి ఇచ్చిన అనుమతిని మనవాళ్ళు అకామా అంటారు. అరబ్బీ ఇకామా. నిలబడటం అనే ధాతువులోంచి వచ్చింది. మన మకాం, ఖాయం రెండూ దీనికి తోబుట్టువులే. మకాం అంటే నాలుగు రోజులు, ఖాయం అంటే ఎప్పటికీ. అకామా ఆ రెండిటి మధ్య వేలాడుతుంది, దానికి గడువు తేదీ ఉంటుంది. మన అతిథికి తిథి లేదని పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు, చెప్పకుండా వచ్చేవాడని. ఈ దేశంలో మనం తిథి ఉన్న అతిథులం.

చూడండి ఎంత తలకిందులైందో. చట్టంలో ఏలియన్ అంటే అందరికంటే బలహీనుడు. టీవీలో ఏలియన్ అంటే అందరికంటే బలవంతుడు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్నవాడికీ, నక్షత్రాలను ఆర్పగలిగినవాడికీ ఒకే మాట ఎలా సరిపోయింది? ఏలియన్ అన్న మాటలో 'మనవాడు కాదు' అన్న నిరాకరణ తప్ప మరో సమాచారం లేదు. వాడికి ఎంత బలముందో, ఆ బలంతో ఏం చేస్తాడో అది చెప్పదు. అందుకే ఎవరికైనా తొడగవచ్చు.

మన గ్రహం అలా కాదు. అది చెబుతుంది.

గ్రహ్ అంటే పట్టుకోవడం. ఇంగ్లీషు ప్లానెట్ గ్రీకులో తిరుగుబోతు. మన గ్రహం పట్టేది. మనిషి తలరాతను పట్టేవి కాబట్టి నవగ్రహాలు. సూర్యుణ్ణి రాహువు పడితే గ్రహణం. పసిపిల్లలను పట్టేవి బాలగ్రహాలు. గజేంద్రుడి కాలు పట్టిన మొసలి గ్రాహం. యజ్ఞంలో సోమరసం పట్టే పాత్ర పేరూ గ్రహమే. అంటే పళ్ళెం రూపంలో ఆకాశం నుంచి గ్రహం దిగడానికి మన భాషలో ఏనాడో చోటుంది. పల్లెల్లో "నా గ్రహపాటు" అని నిట్టూరుస్తారు. కువైట్ ఎందుకొచ్చావమ్మా అని అడిగితే, ఆ వంటామె కూడా మొదట చెప్పింది ఆ మాటే.

బలవంతుల గురించి టీవీ కథలు నిజంగా అడిగే ప్రశ్న ఒక్కటే: పట్టు ఉన్నవాడు ఏం చేస్తాడు? ఆ ప్రశ్నకు జవాబులన్నీ సంస్కృత వైయాకరణులు ఉపసర్గలుగా ఏనాడో అమర్చి పెట్టారు.

1967లో 'స్టార్ ట్రెక్' చూపించిన ఆర్గానియన్ల కథ నాకు అన్నిటికంటే ఇష్టం. ఒక పేద గ్రహం, మేకలు కాచుకునే నెమ్మదైన ముసలివాళ్ళు. వాళ్ళ నేల కోసం ఇటు మానవులు, అటు క్లింగాన్లు యుద్ధానికి దిగుతారు. ఇద్దరూ ఆ ముసలివాళ్ళను జాలిగా చూస్తారు. తీరా తొలి దెబ్బ వేయబోయే క్షణంలో ఆయుధాలన్నీ నిప్పుల్లా కాలిపోతాయి, ఎవరూ ముట్టుకోలేరు. ఆ ముసలివాళ్ళకు ఒళ్ళే లేదు, వాళ్ళు ఉత్త వెలుగు. మనిషి రూపాలు మన కంటికోసం వేసుకున్నవి. ఇది అనుగ్రహం. పట్టుకున్నారు, కాని వెనకుండి పట్టుకున్నారు, పడబోయే పిల్లవాడి చెయ్యి తల్లి పట్టుకున్నట్టు. 1980లలో దూరదర్శన్ ఆదివారం పొద్దున ఈ ధారావాహికను వేసేది. అప్పటికి భాష రాక కథ తెలియలేదు. కాని పాదుషాలా వచ్చి యోగిలా వెళ్ళిపోయే ఆ వెలుగు గుర్తుండిపోయింది.

అదే కుటుంబంలో 1987లో వచ్చిన క్యూ అనే పాత్ర ఆగ్రహం, అనుగ్రహం రెండూ. చిటికె వేసి మనుషులను బోనులో నిలబెట్టి జాతి మొత్తానికి విచారణ జరుపుతాడు. అక్కడే కనిపించే బోర్గ్ అనే జాతి పద్ధతి పరిగ్రహం, కనిపించినదల్లా తనలో కలిపేసుకోవడం. బోర్గ్ అన్నది సైబోర్గ్ తోక, 1960లో ఇద్దరు శాస్త్రవేత్తలు కూర్చిన మాట. దాని తల సైబర్ గ్రీకులో చుక్కాని పట్టేవాడు. అదే గ్రీకు మాట లాటిన్‌లోకి దిగి గవర్నరు, గవర్నమెంటు అయింది. చుక్కాని పట్టేవాడి చేతిలో పడవ ఉన్నంత వరకు బాగానే ఉంటుంది. పడవలోని మనుషులను కూడా పట్టినప్పుడు వాడు బోర్గ్ అవుతాడు.

నిగ్రహం గురించి 'స్టార్ ట్రెక్' ఒక చట్టమే రాసుకుంది: వెనకబడిన లోకాల బతుకుల్లో బలవంతుడు వేలు పెట్టకూడదు. బలం ఉండి పట్టకపోవడం. నా మటుకు ఆ ధారావాహిక ప్రపంచానికి ఇచ్చిన గొప్ప ఆలోచన ఇదే.

విగ్రహం దగ్గర మాత్రం ఆగాలి. వి అనే ఉపసర్గ చేరగానే ఆ మాట నాలుగు దారులు పట్టింది. విగ్రహం అంటే ఒళ్ళు. అంటే గుడిలో ప్రతిమ. అంటే యుద్ధం, సంధి విగ్రహాలన్నప్పటిది. అంటే సమాసాన్ని విడదీసి చెప్పడం. గోఆవుల్డ్‌లు ఈ మాటను తెలియకుండానే మొత్తం వాడేశారు. మనిషి ఒంట్లో దూరారు, ప్రతిమల్లా కూర్చున్నారు, యుద్ధాలు చేశారు. నాలుగో అర్థం ఒక్కటే వాళ్ళకు అందలేదు. దాని పనికి చివర్లో వస్తాను.

గల్ఫ్ అవతలి ఒడ్డున ఇరాన్ ఉంది. వాళ్ళ ప్రాచీన గ్రంథం అవెస్తాలో అహుర అంటే ప్రభువు, దైవ అంటే రాక్షసుడు. మనకు దేవుడు దేవుడే, అసురుడు రాక్షసుడు. రుగ్వేదపు పాత భాగాల్లో వరుణుణ్ణి కూడా అసురుడని పిలిచారు. అంటే చీలిక తర్వాత వచ్చింది. ఒకే బలవంతులు ఒక ఒడ్డున వేల్పులు, ఇంకో ఒడ్డున దయ్యాలు. 1994 నుంచి 1998 దాకా నడిచిన 'బాబిలోన్ 5' కథ మొత్తం ఈ చీలిక మీద నిలబడింది. వోర్లాన్లు కవచం విప్పితే చూసేవాళ్ళ జాతిని బట్టి ఎవరి దైవం వాళ్ళకు రెక్కలతో కనిపిస్తుంది. వాళ్ళకు విరోధులైన షాడోలు చీకటి జీవులు. చివరికి చిన్న జాతులన్నీ కలిసి ఇద్దరినీ వెళ్ళిపొమ్మంటాయి. ఇద్దరూ వెళ్ళిపోతారు. బలవంతుణ్ణి ఆయుధంతో కాక మాటతో పంపించిన కథ టీవీలో నేను మరొకటి చూడలేదు.

మాటలు తవ్వేవాడికి ఒక హెచ్చరిక కూడా ఈ కథల్లో ఉంది. 1963 డిసెంబరులో బ్రిటిష్ టీవీలో 'డాక్టర్ హూ' డాలెక్‌లను దించింది. ఆ పేరు ఎక్కడిదని అడిగితే, విజ్ఞాన సర్వస్వం ఒక సంపుటం వీపు మీద డాల్ నుంచి లెక్ వరకు అని చూశానని రచయిత టెర్రీ నేషన్ చెప్పాడు. అందరూ నమ్మారు. తర్వాత ఆయనే, అది అడిగేవాళ్ళ కోసం అల్లిన కథ, పేరు ఊరికే తట్టింది అన్నాడు. సెర్బియన్ భాషలో డాలెక్ అంటే దూరపు అని అర్థమట. అది కాకతాళీయం. దూరదర్శన్‌లో కనిపించే దూరపువాళ్ళు అని కొత్త వ్యుత్పత్తి అల్లాలని నాకూ చెయ్యి దురద పెట్టింది. ఆపుకున్నాను.

మా దుకాణానికి ఒక కువైటీ పెద్దాయన వస్తాడు. వయసు యాభై దాటింది. పాత పికప్ బండికి భాగాలన్నీ తనే ఏరి తీసుకుంటాడు. ఆయన తాళాల గుత్తికి ఎర్ర కొమ్ముల రోబో బొమ్మ వేలాడుతూ ఉంటుంది. కొమ్ముల చివర రంగు పోయి ఇనుము కనిపిస్తోంది. అది గ్రెండైజర్. 1975 నుంచి 1977 దాకా జపాన్‌లో వచ్చిన 74 భాగాల బొమ్మల ధారావాహిక. లెబనాన్‌లో అరబ్బీ మాటలు వేసి 'ముగామరాత్ అల్ ఫదా' పేరుతో అరబ్బు దేశాలకు చేర్చారు. ముగామరాత్ అంటే సాహసాలు, ఫదా మనకు తెలుసు. ఆ తరం కువైటీలకు ఆ బొమ్మ మనకు మాయాబజార్ లాంటిది.

అందులో శత్రువు వేగా సామ్రాజ్యం. ఆ వేగా అన్న నక్షత్రం పేరు అసలు అరబ్బీదే. అన్నస్ర్ అల్ వాకిఅ, కిందికి వాలుతున్న గద్ద అని. వాకిఅ లాటిన్ ప్రతుల్లోకి పోయి వేగా అయింది, టోక్యో చేరింది, శత్రువై అరబ్బు ఇళ్ళకు తిరిగొచ్చింది. సొంత బిడ్డను ఎవరూ గుర్తుపట్టలేదు. మనకు ఆ నక్షత్రం అభిజిత్తు.

కథానాయకుడు డ్యూక్ ఫ్లీడ్ కూడా భూమివాడు కాడు. వేగావాళ్ళు తన లోకాన్ని నాశనం చేస్తే పారిపోయి వచ్చి, జపాన్‌లో ఒక పశువుల కొట్టం దగ్గర మారుపేరుతో, పెంపుడు తండ్రి నీడన బతుకుతాడు. ఈ మాట నేనే పెద్దాయనతో అన్నాను, వచ్చీరాని అరబ్బీలో: మీ వీరుడు అజ్నబీ కదా అని. ఆయన తాళాలు చేతిలో ఆడించడం ఆపాడు. "ఔను. కాని మా ఇంట్లోవాడే అనుకున్నాం" అన్నాడు.

వేరే లోకంవాళ్ళ దండయాత్రను అరబ్బీలో గజ్వ్ ఫదాయీ అంటారు. మొదటి మాట చుట్టం మనకు తెలుసు: ఘాజీ, దాడికి వెళ్ళేవాడు. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో మునిగిన పాకిస్తానీ జలాంతర్గామి పేరది. కాని కువైట్‌లో 'అల్ గజ్వ్' అని ఊరికే అంటే ఇంకేమీ కలపక్కర్లేదు. 1990 ఆగస్టు 2. ఇరాక్ సైన్యం తెల్లవారుజామున చొరబడి దేశాన్ని పట్టింది. ఏడు నెలలు పట్టే ఉంచింది. మనవాళ్ళతో సహా 1,70,000 మందికి పైగా భారతీయులు అమ్మాన్ దారిన ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరారు. గ్రెండైజర్ చూసి పెరిగిన పిల్లలు అప్పటికి ఇరవయ్యేళ్ళ చుట్టుపక్కల ఉన్నారు. ఆ పెద్దాయన సినిమాల్లో దండయాత్ర వస్తే చూడడు. గ్రెండైజర్ మాత్రం ఇప్పటికీ చూస్తాడు. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు విగ్రహం నాలుగో అర్థంతో పని. బడిలో నేర్చినట్టు విడదీద్దాం. వేరొక గ్రహము గ్రహాంతరము. అందు వసించువాడు గ్రహాంతరవాసి.

మొదట గ్రహాంతరం చూడండి. పాత నవగ్రహాల్లో భూమి లేదు. సూర్యుడు, చంద్రుడు, రాహుకేతువులు ఉన్నారు. మనం నిలబడ్డ నేల గ్రహం అనిపించుకోలేదు, అది పట్టించుకునేది. అయితే 'వేరొక గ్రహం' అనాలంటే ముందు మనదీ ఒక గ్రహమై ఉండాలి. అంటే ఈ మాటలో కోపర్నికస్ కూర్చుని ఉన్నాడు. భూమి వెళ్ళి ఆ వరసలో నిలబడ్డాకనే ఇలాంటి సమాసానికి అర్థం వస్తుంది. మనమూ పట్టేవాళ్ళలో ఒకళ్ళమని అది మనచేత ఒప్పిస్తుంది. వేరే లోకంవాడి కంటికి మనమే గ్రహాంతరవాసులం.

తర్వాత వాసి. వస్ అంటే ఉండటం, కాపురముండటం. ఏలియన్ 'మనవాడు కాదు' అంటుంది. అజ్నబీ 'పక్కవాడు' అంటుంది. ఫదాయీ 'బయలులోంచి వచ్చినవాడు' అంటుంది. తెలుగు మాట ఒక్కటే 'ఎక్కడో ఇల్లున్నవాడు' అంటోంది. ఎంత బలవంతుడైనా సరే, ఏ పాముజాతివాడైనా సరే, వాడికొక ఊరుంది, వాకిలుంది, వాడు లేక అక్కడ ఎవరో దిగులు పడుతున్నారు అన్న ఊహ ఆ చివరి రెండు అక్షరాల్లో ఉంది. అదే వస్ ధాతువులోంచి నివాసం వచ్చింది, ప్రవాసం వచ్చింది. ప్రవాసి, గ్రహాంతరవాసి ఒకే ఇంటివాళ్ళు. అర్దియాలో సంగటి తింటున్న రాయచోటి ఆమె ప్రవాసి. పశువుల కొట్టంలో దాక్కున్న డ్యూక్ ఫ్లీడ్ గ్రహాంతరవాసి. దుఃఖం ఇద్దరిదీ ఒకటే.

ఇప్పుడు విదేశీ ధారావాహికలకు తెలుగు మాటలు రాసే పని జోరుగా సాగుతోంది. ఆ రాసేవాళ్ళలో చాలామంది ఏలియన్ అనే వదిలేస్తున్నారు. పెదాల కదలికకు సరిపోతుందని కావచ్చు, పిల్లలకు అలవాటైందని కావచ్చు. గ్రహాంతరవాసి పొడుగు మాటే, ఒప్పుకుంటాను. కాని ఆ పొడుగులో ఒక పట్టు, ఒక దూరం, ఒక ఇల్లు ఉన్నాయి. పాత్ర బలాన్ని బట్టి గ్రహమూర్తి అనండి, పట్టినవాడు అనండి, వేల్పు అనండి, ఊరి భాషలో ఎన్ని మాటలు లేవు! ఏలియన్ అన్న ఖాళీ డబ్బాను మాత్రం తెలుగు నోట్లో పెట్టకండి.

కువైట్‌లో 1959 నాటి చట్టం స్థానంలో 2024లో 114వ నంబరు డిక్రీ చట్టం వచ్చింది. 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. జరిమానాలు మారాయి, గడువులు మారాయి. పేరులో అజానిబ్ అన్న మాట అలాగే ఉంది.